చిప్పు రాకముందే మిగతాదంతా సిద్ధం: నా 9800ఎక్స్3డీ బిల్డ్ లాగ్

నవంబర్ 2024

ఏఎమ్‌డీ కంపెనీ కొత్త ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డీ ఈ నెల 7న అమ్మకానికి వచ్చింది. వస్తూనే చాలా చోట్ల అయిపోయింది. నాకు మాత్రం ఇదే కావాలి, ఎందుకంటే నేను ఆడేది విమానం నడిపే గేమ్ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్) ఒక్కటే. పాత రైజెన్ 5 3600తో పైన ఎగురుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. శంషాబాద్‌లోనో ముంబైలోనో దిగడానికి కిందికి వచ్చేసరికి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. గేమ్ డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో చూపే) కౌంటర్ పెడితే ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అని కనిపిస్తుంది. అంటే గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంది, ప్రాసెసర్ అందుకోలేకపోతోంది. ఇలాంటి సిమ్‌కి కోర్లు ఎన్ని అన్నదానికన్నా ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఎంత అన్నదే ముఖ్యం. 3600లో అది 32 ఎంబీ, కొత్త చిప్పులో 96.

అమెరికాలో విడుదల నాటి ధర 479 డాలర్లు. డాలరు 84 రూపాయలనుకుని 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 47,500. అంతకు మించి పెట్టకూడదని ముందే అనుకున్నాను. సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగితే చాలామంది స్టాక్ లేదన్నారు. ఒక షాపులో ఉందిగానీ మదర్‌బోర్డు కూడా అక్కడే కొంటేనే ఇస్తామన్నారు. ఇంకొకాయన, “అన్నా, నంబర్ ఇచ్చి వెళ్లు, మాల్ రాగానే ఫోన్ చేస్తా” అన్నాడు. నంబర్ ఇచ్చాను, అడ్వాన్స్ మాత్రం ఇవ్వలేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఆర్డర్ డెలివరీ తేదీ వారం వారం జరిగి జరిగి చివరికి అమ్మినవాళ్లే క్యాన్సిల్ చేశారు.

ఈ కొరతకు కారణాలున్నాయి. అక్టోబర్‌లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ గేముల్లో చాలా చోట్ల తన ముందు తరాన్నే దాటలేకపోయింది. దాంతో గేమర్లందరూ ఇటే తిరిగారు. గిరాకీ పెరిగిందని వెంటనే ఎక్కువ చేయడమూ కుదరదు. వేఫర్ (చిప్పులు తయారుచేసే సిలికాన్ పలక) మొదలుపెట్టి చిప్పు బయటికి రావడానికే దాదాపు మూడు నెలలు, దానికి క్యాష్ పొరను అతికించే పని అదనం.

డిసెంబర్

నిజంగా పనికొచ్చిన విషయం ఇది. బీ650 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్5-6000 ర్యామ్, 750 వాట్ల పవర్ సప్లై ముందే కొన్నాను. ప్రాసెసర్ వచ్చేదాకా వాటిని డబ్బాల్లోనే ఉంచితే, లోపం బయటపడేలోపు రిటర్న్ గడువు అయిపోతుంది. అందుకే స్నేహితుడి దగ్గర వాడకుండా ఉన్న రైజెన్ 5 7600 అడిగి తెచ్చుకున్నాను. అదే ఏఎమ్5 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు), పాత బయోస్‌తోనే (బోర్డులో ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) ఆన్ అవుతుంది, లోపలే గ్రాఫిక్స్ ఉంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. అది మెమరీ ట్రైనింగ్, అంటే బోర్డు ర్యామ్‌కి సరిపోయే సెట్టింగులు వెతుక్కోవడం. టెన్షన్ పడి పవర్ తీసేయకండి. తర్వాత ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేశాను, కొత్త చిప్పుకి అది తప్పనిసరి. బోర్డుకి ఫ్లాష్‌బ్యాక్ (బయోస్ అప్‌డేట్) బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండా కూడా ఈ పని అవుతుంది. ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపితే తెల్లారేసరికి ఎర్రర్లు. ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూస్తే ఒకటి పాడైందని తేలింది. గడువు లోపలే కాబట్టి కిట్ మొత్తం మార్చి ఇచ్చారు. ఈ టెస్ట్ చేయకపోయి ఉంటే, రేపు సిమ్ క్రాష్ అయినప్పుడల్లా కొత్త ప్రాసెసర్‌నే అనుమానించేవాణ్ని.

జనవరి 2025

నంబర్ తీసుకున్న షాపాయన ఫోన్ చేశాడు. నేను అనుకున్న హద్దులోనే ఇచ్చాడు. ట్రే చిప్పు (డబ్బా లేకుండా విడిగా అమ్మేది) కాదు, సీలున్న డబ్బా. ఈ తేడా ముఖ్యం, డబ్బా చిప్పుకి మూడేళ్ల వారంటీ ఉంటుంది. డబ్బా కిటికీలోంచి కనిపించే చిప్పు మీది సీరియల్ నంబర్‌ని బయటి స్టిక్కర్‌తో పోల్చి చూశాను, బిల్లులో కూడా అదే నంబర్ రాయించుకున్నాను. కూలర్ ఇందులో రాదు, విడిగా కొనాలి.

ప్రాసెసర్ మార్చే ముందు విండోస్‌లో బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే ఫీచర్) ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. కొత్త ప్రాసెసర్ పెట్టగానే బోర్డు ‘ఎఫ్‌టీపీఎమ్ రీసెట్ చేయాలా’ అని అడుగుతుంది. ఆ తాళం తాలూకు కీ దాచి ఉండేది అందులోనే. అవునంటే రికవరీ కీ లేకుండా డ్రైవ్ తెరుచుకోదు. ఏఎమ్5లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి కాబట్టి చిప్పుని జార్చకుండా, మూలలోని త్రిభుజం గుర్తు చూసుకుని నిటారుగా దించాలి. చిప్పుకీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ తక్కువే చాలు, ఎక్కువైతే చిప్పు లోహపు మూత అంచుల్లోని ఖాళీల్లోకి దిగుతుంది. మెమరీ ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి జరిగింది.

ఇక ఫలితం. సాయంత్రం వెలుతురులో శంషాబాద్‌కి వస్తుంటే ఎక్కడా ఆగలేదు, రన్‌వే తాకేదాకా నున్నగా సాగింది. ఎంత సంతోషమేసిందో! ఈసారి క్యాష్‌ని కోర్ల కింద పెట్టారు కాబట్టి వేడి నేరుగా కూలర్‌కి చేరుతుంది. పరిమితి 95 డిగ్రీలు, నా మామూలు ఎయిర్ కూలర్‌తో సిమ్‌లో 70 దాటడం లేదు.

7600 తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు ప్రాసెసర్‌ వోల్టేజీని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగ్‌ని మైనస్ 15లో పరీక్షిస్తున్నాను. వారం పాటు క్రాష్ లేకపోతే మైనస్ 20కి వెళ్తాను.