నాలుగు పార్టుల పాటకు ఒక ఉచిత సాఫ్ట్‌వేర్

నరసాపురం దగ్గర మా ఊరి చర్చిలో క్రిస్మస్‌కు రెండు నెలల ముందు నుంచే సాయంత్రం పూట క్వయర్ సాధన మొదలవుతుంది. సోప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అనే నాలుగు గొంతుల పార్టులకు, స్వరాలను అయిదు గీతల మీద చూపే స్టాఫ్ నొటేషన్ రాసిపెట్టే పని చాలా ఏళ్లుగా నాదే. ఒకప్పుడు చేత్తో రాసి జిరాక్సు తీయించేవాణ్ణి; ఇప్పుడు ఉచితంగా దొరికే నొటేషన్ సాఫ్ట్‌వేర్ అయిన మ్యూజ్‌స్కోర్‌లో రాస్తున్నాను.

నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్లలో పేరున్న ఫినాలే, సిబేలియస్, డోరికోలు వ్యాపార సంస్థలు తయారుచేసినవి. పేజీ మీద స్వరాలను పొందికగా అమర్చడంలో డోరికోదే పైచేయి అని నా అభిప్రాయం. 2022 డిసెంబరులో మ్యూజ్‌స్కోర్ నాలుగో వెర్షన్ వచ్చాక ఆ తేడా బాగా తగ్గింది. అయితే 1988లో మొదలై మూడున్నర దశాబ్దాలు నడిచిన ఫినాలేను ఇక అభివృద్ధి చేయబోమని దాని కంపెనీ 2024 ఆగస్టులో ప్రకటించినప్పుడు, జీవితకాలపు రాతను అందులో దాచుకున్న సంగీతకారులు తమ ఫైళ్లను వేర్వేరు నొటేషన్ సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఫైలు రూపమైన మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చుకుని వేరే చోటికి తరలవలసి వచ్చింది. మ్యూజ్‌స్కోర్ కోడ్ ఎవరైనా వాడుకుని మార్చుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి, దాన్ని నడిపే సంస్థ రేపు తప్పుకున్నా ఆ పనిని మరొకరు అందుకోవచ్చు. నాకు ధర లేకపోవడం కన్నా ఈ భరోసాయే ముఖ్యం.

స్వరాల కింద తెలుగు మాటలు రాయడం మాత్రం ఓపికతో చేయవలసిన పని. తెలుగు ఫాంటు ఎంచుకుని, ఒక్కో అక్షరం తర్వాత హైఫన్ కొడితే కర్సరు తర్వాతి స్వరం కిందికి వెళ్తుంది. కానీ ‘హల్లెలూయా’ను ఎక్కడ విడదీయాలి? ‘హల్‌-లె’ అని రాస్తే మా బాస్ పాడేవారు మొదటి స్వరం మీదే నాలుకను ‘ల్’ దగ్గర ఆపేసి నాదాన్ని కుదించేస్తారు. ‘హ-ల్లె’ అని రాస్తే అచ్చును చివరిదాకా నిలిపి, ఒత్తును తర్వాతి స్వరంతో కలిపి పలుకుతారు. రెండు రకాలుగానూ ప్రింటు తీసి పాడించి చూశాకే రెండోదాన్ని ఖాయం చేశాను.

రొయ్యల మేత దుకాణంలో లెక్కలు చూసే మా టెనార్ అన్నయ్య తన కంప్యూటర్‌లో మ్యూజ్‌స్కోర్ వేసుకుని, మిక్సర్‌లో మిగతా మూడు పార్టులనూ ఆపేసి, తన వరుస ఒక్కటే వింటూ నేర్చుకుంటారు. క్వయర్‌లో అందరికీ వ్యాపార సాఫ్ట్‌వేర్‌కు తలా ఒక లైసెన్సు కొనాలంటే మా చర్చి వల్ల కాదు. మొన్న ఏడో బార్‌లో నేను షార్ప్ (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తు) పెట్టడం మరిచిపోతే, ఆయనే దాన్ని సరిచేసి, అక్కడ రంగు మార్చి, ఫైలును నాకు తిరిగి పంపారు.