ఐదూ నలభైకి మోగే ఫోన్

మా ఆయన రోడ్డు ప్రమాదంలో పోయిన 19వ రోజు మధ్యాహ్నం నాకు గుండెలో నొప్పి వచ్చింది. పొడిచినట్టు కాదు, ఎవరో రొమ్ము మీద మోకాలు పెట్టి కూర్చున్నట్టు. ఎడమ దవడ లాగేసింది, చెమటలు పట్టాయి. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే అక్కడి డాక్టర్ సంగతంతా విని, కనీసం నాడి కూడా చూడకుండా, "ఏడ్చి ఏడ్చి నీరసపడ్డారమ్మా, గ్యాస్ కూడా ఉంటుంది, కాస్త నిద్రపోతే అదే తగ్గుతుంది" అని నిద్రమాత్ర రాసి పంపేశాడు. ఈసీజీ తీయడానికి ఐదు నిమిషాలు పట్టేది. తీయలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అమ్మాయి ఊరుకోలేదు. సాయంత్రానికి పెద్దాసుపత్రి, రక్తపరీక్షలు, యాంజియో అన్నీ గబగబా జరిగిపోయాయి. ఈసీజీ చూస్తే హార్ట్ ఎటాక్‌లానే ఉందట, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా పెరిగిందట. యాంజియోలో మాత్రం ఒక్క బ్లాకూ లేదు. బయట మావాళ్లు హమ్మయ్య అనుకున్నారు. ఎకో, అంటే గుండె స్కానింగ్, తీసిన డాక్టరమ్మ మాత్రం స్క్రీన్ మా అమ్మాయి వైపు తిప్పింది. గుండె పైభాగం గట్టిగా ముడుచుకుంటోంది, కింది కొస బుడగలా ఉబ్బి కదలకుండా ఉండిపోయింది. దాని పేరు టకోట్సుబో. జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండను అలా అంటారు, మెడ సన్నగా, అడుగు లావుగా ఉంటుంది. 1990లో అక్కడి వైద్యులు పెట్టిన పేరు. పెద్ద దుఃఖమో భయమో తగిలినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పొంగి గుండె కండరం మొద్దుబారిపోతుందని చెప్పింది. ఎక్కువగా నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకే వస్తుందట. ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి నెట్టే వంతు, మామూలుగా 55 శాతమో ఆ పైనో ఉండాలి, నాకు 30 ఉంది.

గుండె పగిలిందని మనం మాటవరసకు అంటాం కదా, అదేనన్నమాట.

ఆ రాత్రి ఐసీయూలోకి నన్ను చూడటానికి మా ఆడపడుచు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చి, వెళ్తూ వెళ్తూ, "మా తమ్ముడికి ఒంటరిగా ఉండటం చేతకాదమ్మా, నిన్ను తోడు పిలుస్తున్నాడేమో" అంది. ప్రేమతోనే అంది. ఆమె వెళ్లాక ఆ మాట నన్ను వదల్లేదు. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, అదే భయంకరం. పోతే పోదాం, ఇక్కడ ఏముంది అనుకుంటూ మానిటర్ మీద ఆకుపచ్చ గీత చూస్తూ పడుకున్నాను. రెండు దాటాక ఊపిరాడటం మానేసింది. ఎంత లాగినా గాలి గొంతు దాటట్లేదు, నీళ్లలో మునిగినట్టుంది. పోతానన్నదాన్ని గుడ్లప్పగించి చూస్తూ ఊరుకోవాలి కదా! నా చెయ్యి మాత్రం దుప్పటి మీద తడుముకుంటూ వెళ్లి బెల్ నొక్కింది. ఒకసారి కాదు, వదలకుండా నొక్కింది.

ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట. నైట్ డ్యూటీ సిస్టర్ మంచం తలవైపు పైకి లేపి, ఆక్సిజన్ మాస్క్ పెట్టి, డాక్టర్‌ని పిలిచి ఇంజెక్షన్ చేయించింది. తర్వాత స్టూల్ లాక్కుని పక్కనే కూర్చుంది. "నెమ్మదిగా వదలండి అమ్మా, వదిలితేనే లోపలికి వస్తుంది" అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆ అమ్మాయి పేరు కూడా అడగలేదు నేను.

ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. తలగడ కింద ఫోన్ మోగింది. నాది కాదు, ఆయనది. చేతి సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను, ఐసీయూలోకి కూడా ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్నాను. 5.40. స్క్రీన్ మీద "బీపీ మాత్ర" అని ఉంది. ఆయన పెట్టుకున్న అలారం. ఆపొచ్చు గానీ తీసేయడానికి లేదు, లాక్ నంబర్ నాకు తెలియదు. సిస్టర్ పరుగున వచ్చి, "ఫోన్ ఎవరు తెచ్చారిక్కడికి?" అని కోప్పడింది. నాకు మాస్క్ లోపల నవ్వొచ్చింది. 19 రోజుల తర్వాత వచ్చిన మొదటి నవ్వు అది. బతికున్నప్పుడు ఈ అలారం మోగితే, "మీరు లేవరు, నన్ను మాత్రం లేపుతారు" అని రోజూ పోట్లాడేదాన్ని.

ఆరో రోజు ఇంటికి పంపారు. గుండె మీద భారం తగ్గించే బీటా బ్లాకర్, ఇంకో రెండు మాత్రలు ఇచ్చారు. మా ఆడపడుచు మీద కోపం ఇంకా ఉంది, కానీ వార్డుకు మార్చాక మూడు రాత్రులూ కుర్చీలో కూర్చుని నాకు కాపలా కాసిందీ ఆమే. ఏది ఎక్కువో లెక్క కట్టలేకపోతున్నాను. దేవుడితో కూడా అంతే, కొన్నాళ్లు మాట్లాడలేదు, ఈ మధ్య మళ్లీ తిట్టడం మొదలుపెట్టాను.

ఆరు వారాలకు మళ్లీ ఎకో తీస్తే 56 వచ్చింది. కుండ మళ్లీ గుండె అయింది. చాలామందికి ఇలా కోలుకుంటుందట, కొందరికి మళ్లీ వచ్చే వీలూ ఉందట, అందుకే చెకప్‌లు మానట్లేదు. దుఃఖంలో ఉన్న మనిషి గుండె నొప్పి అంటే, దయచేసి, అది దుఃఖమేలే అని సరిపెట్టకండి. ముందు ఈసీజీ తీయించండి. ఏడుపు ఎక్కడికీ పోదు.

ఆ ఫోన్ లాక్ తీయిస్తానని మా అమ్మాయి అంటోంది, నేనే వద్దన్నాను. పోయిన వారం రాత్రి దానికి ఛార్జర్ పెట్టడం మర్చిపోయాను. కళ్లు తెరిచేసరికి ఏడున్నర, కిటికీ నిండా ఎండ. ఆయన పోయాక మధ్యలో మెలకువ రాకుండా తెల్లవార్లూ నిద్రపోవడం అదే మొదలు. ముందు తప్పు చేసినట్టు గుండె గుభేలుమంది, ఫోన్ కోసం తడుముకున్నాను. ఆ తర్వాత కడుపు గుర్రుమంది. బాగా ఆకలేస్తోంది.