ఏ దిక్కు?

పొద్దున వదిన పెండ్లి పత్రిక ఇయ్యొచ్చింది. చాయ్ తాగుకుంట గోడ మీది ఫోటో చూసి, "పెద్దమ్మకు ఎడమ దిక్కు గదా ఆపరేషన్ అయింది" అన్నది. కాదు వదినా, కుడి దిక్కు అన్న. "ఎడమనే. నాకు మంచిగ యాదికున్నది" అని ఎంత గట్టిగ అన్నదంటే నేను ఊకున్న.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర. ఇంకా అదే తొలుస్తున్నది. కట్టు మార్చిందే నేను. ఆమె పోయి నాలుగేండ్లు. నాకు దిక్కు యాదికి రాకపోవుడేంది?

పోయేటప్పుడు గడప కాడ నిలబడి వదిన ఇంకో మాట అన్నది. "అంత బంగారం పెట్టె. మేడారం తల్లులు చూసిన్రా, పాపం." ఆ "పాపం" అన్న మాట మధ్యాహ్నం అన్నం కాడ కూడ గొంతుల అడ్డం పడ్డది. పెద్దమ్మ బతికున్నప్పుడు గూడ చూడొచ్చినోళ్లు గిట్లనే మాట్లాడేది. యాపిల్ పండ్ల సంచి మంచం మీద పెట్టి, ఫలానా ఊర్ల ఫలానామెకు గిదే బీమారి, ఆర్నెల్లు గూడ ఉండలేదని చెప్పేది. ఇంకొకామె ఆకు పసరు సీసల పోసి తెచ్చి, కీమో బంద్ చేసి ఇది తాగుమన్నది. అన్నిటికంటె నాకు మండింది గ్లాసు సంగతి. ఒక ఫంక్షన్ల అందరికి స్టీలు గ్లాసులు, పెద్దమ్మకు మాత్రం కాగితం గ్లాసు. క్యాన్సర్ అంటుకునేది కాదని ఆ ఇంట్ల చదువుకున్నోళ్లకు తెల్వదా? పెద్దమ్మ ఆ కాగితం గ్లాసుల నీళ్లు తాగి, మంచిగ మడిచి, కొంగున పెట్టుకున్నది. ఏమనలేదు. నేను అనాల్సింది. నేను గూడ అనలేదు.

అందరు ధైర్యం గల్ల మనిషి అంటరు. నేను గూడ అంట. కని ఒక్కటి చెప్పాలె. రొమ్ముల గడ్డ చేతికి తగిలింది సంక్రాంతికి. మాకు చెప్పింది ఉగాదికి. మిర్ప ఏరుడు నడుస్తున్నది, కూలోళ్లు దొరుకుతలేరు, ఎనుమాముల మార్కెట్టుకు సరుకు తోలాలె. "నొప్పి లేకుండె బిడ్డా, నొప్పి లేనిది రోగమెట్లయితది" అన్నది. మొదట్ల ఆ గడ్డ చానమందికి నొయ్యదట, డాక్టర్ చెప్పిండు. ఆ మూడు నెలలను ధైర్యం అనబుద్ధి కాదు నాకు. ఆమెను అనుడు గూడ కాదు. ఆ మూడు నెలల్ల మేం ఎవ్వలం ఆమె మొఖం సక్కగ చూడలేదు.

పరీక్ష కాయితం చేతికొచ్చిన్నాడు హైదరాబాద్ నుంచి వచ్చి కాజీపేటల దిగినం. ప్లాట్‌ఫాం మీదనే కూసోని చెంగు పట్టి మేడారం సమ్మక్క సారలమ్మల దిక్కు మొక్కింది, నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, ఇస్తనని. ఫైలు మొదటి పేజీల ఆమె బరువు 61 కిలోలు. కీమో మందు ఎత్తును, బరువును చూసి లెక్కకడ్తరు గనుక 21 రోజులకొకసారి పోయినప్పుడల్ల కాంట ఎక్కియ్యాలె. 61, 58, 54. చదువు రాదు కని అంకెలు వచ్చు, ప్రతిసారి వేలు పెట్టి చూసుకునేది. ఆరు కీమోలు, ఆ తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, 25 సార్లు, వారానికి ఐదు రోజులు. ఆ ఐదు వారాలు రెడ్‌హిల్స్ కాడ ఒక చిన్న అర్రల ఉన్నం. పొద్దుగాల లేవంగనే ఆమె చేసే పని ఒక్కటే, నిన్నటి తారీఖును బొగ్గుతోని కొట్టేసుడు.

2020 ఫిబ్రవరిల జాతర. గట్టమ్మ కాడ కొబ్బరికాయ కొట్టినం. బెల్లం దుకాణంల అన్న ఆమెను కాంట మీద కూసోబెట్టిండు. 44. దుకాణపాయన 44 కిలోలు తూచి కట్టవోతుంటే పెద్దమ్మ, "ఇంకో 17 కిలోలు వెయ్యి" అన్నది. అమ్మా, నీ ఎత్తు ఇంతే గదా అని అన్న అంటే, "మొక్కిన్నాడు నేను గింత లేను. గా దినం బాకీ గా దినంది" అన్నది. నేను అప్పుడు ఏమన్ననో రాయాలంటే సిగ్గయితున్నది. ఆ పైసలు మందులకొస్తయి పెద్దమ్మా, తల్లులు లెక్క చూస్తరా అన్న. పొద్దున వదిన అన్నది, ఆనాడు నేనన్నది ఒక్కటే మాట. మరి వదిన మీద ఇంత కోపమెందుకు?

నయం చెయ్యుమని మొక్కిందనుకున్నం అందరం. ఏమని మొక్కిందో ఎవ్వలం అడుగలేదు. తల్లులు చూసిన్రా అని వదిన అడిగితే నేనేం చెప్పాలె, పెద్దమ్మ ఎన్నడు ఆ మాట అడుగలేదు. బాకీ తీరిందా అని మాత్రం అన్నను రెండుసార్లు అడిగింది.

శుక్రవారం, తల్లులిద్దరు గద్దెల మీద ఉన్నరు. జనం తోసుడుకు కాలు నేల మీద ఆనుతలేదు. అన్న బెల్లం ముద్దలు అందిస్తుంటే ఆఖరి ముద్ద నేనే వేస్తనన్నది పెద్దమ్మ. ముద్దను సంకకు ఒత్తుకోని ముందటికి వంగి ఒక్క చేత్తోనే దొర్లిచ్చింది. వెనుకున్న పెద్దమనిషి కోప్పడ్డడు, "ఎడమచెయ్యితోని ఇస్తరామ్మా తల్లులకు?"

పెద్దమ్మ వెనుకకు తిరుగలేదు. "ఆ చెయ్యి లేస్తలేదు అయ్యా. వాళ్లకెరుకే" అన్నది.

కుడి దిక్కే.