ఫ్లాపీ డ్రైవ్‌ను లినక్స్ చేత చదివించడం: ఇప్పటివరకు జరిగిన పని

మా మేనమామగారి డీటీపీ సెంటరు నుంచి నాకు ఒక డబ్బా నిండా మూడున్నర అంగుళాల ఫ్లాపీలు అందాయి. 1990ల నాటి పేజ్‌మేకర్ ఫైళ్లు, పెళ్లి కార్డులు, కరపత్రాలు వాటిలో ఉన్నాయి. ఫైళ్లను ఈనాటి ఫాంట్లలోకి మార్చడం వేరే పని. ముందుగా ప్రతి డిస్కునూ మొదటి సెక్టారు (డేటా ఉండే అతి చిన్న ముక్క) నుంచి చివరి సెక్టారు వరకు యథాతథంగా ఇమేజ్‌గా (డిస్కంతటి నకలు ఉన్న ఒకే ఫైల్‌గా) తీసి పెట్టాలన్నది ప్రస్తుత లక్ష్యం.

బజారులో సులభంగా దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌ను ఇందుకు వాడలేదు. అది లినక్స్‌కు ఎస్‌డీబీ వంటి పేరుతో మామూలు యూఎస్‌బీ డిస్కులాగా కనబడుతుంది. మోటారు ఎంతసేపు తిరగాలి, చదవలేని చోట ఎన్నిసార్లు ప్రయత్నించాలి అనేవన్నీ దాని లోపలి చిప్పే నిర్ణయిస్తుంది కనుక, ఫ్లాపీ డ్రైవ్‌ను అదుపు చేయడానికి ఎఫ్‌డీయుటిల్స్ ప్యాకేజీలో ఉన్న సెట్‌ఎఫ్‌డీపీఆర్‌ఎం, ఫ్లాపీకంట్రోల్ వంటి సాధనాలు దానిపై పనిచేయవు. అందువల్ల 34 పిన్నుల ఫ్లాపీ కనెక్టరు ఉన్న పాత పెంటియం 4 బోర్డు మీద 32 బిట్ల డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) వేసుకున్నాను. డ్రైవ్‌ను సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పాత సామాను అమ్మే దుకాణంలో కొన్నాను.

కేబుల్ గురించి ఒక్క మాట. పీసీ ఫ్లాపీ కేబుల్‌లో 10 నుంచి 16 వరకు ఉన్న తీగలను ఒకచోట మెలిపెట్టి ఉంచుతారు. ఆ మెలిక దాటిన తరువాత చివరన తగిలించినది మొదటి డ్రైవ్, మెలికకు ముందు తగిలించినది రెండవది. ఎర్ర గీత ఉన్న అంచు ఒకటవ పిన్ను వైపు ఉండాలి. కేబుల్ తిరగబడితే మిషన్ ఆన్ చేసిన క్షణం నుంచి డ్రైవ్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి ఆ దీపం కనిపించగానే పవర్ తీసేసి కేబుల్ సరిచూడాలి. బయోస్‌లో (మిషన్ ఆన్ చేయగానే నడిచే బోర్డు ప్రోగ్రాములో) రెండు చోట్ల సెట్టింగు ఉంటుంది: ఆన్‌బోర్డ్ ఫ్లాపీ కంట్రోలర్‌ను ఎనేబుల్ చేయాలి, డ్రైవ్ రకాన్ని 1.44 ఎంబీ అని చెప్పాలి.

డెబియన్‌లో ఫ్లాపీ మాడ్యూల్ (లినక్స్ మూల భాగమైన కెర్నల్‌లో డ్రైవ్‌ను నడిపే ముక్క, అంటే డ్రైవర్) దానంతట అది లోడ్ కాలేదు. మోడ్‌ప్రోబ్ అనే ఆదేశంతో లోడ్ చేయగానే కెర్నల్ లాగ్‌లో ఎఫ్‌డీ0 (మొదటి ఫ్లాపీ డ్రైవ్‌కు లినక్స్ పెట్టే పేరు) అనేది 1.44 ఎంబీ డ్రైవ్ అని ఒక వరుస, కంట్రోలర్ 1991 తరువాతి 82077 అని మరొక వరుస వచ్చాయి. అది ఇంటెల్ చిప్పు పేరు. నిజానికి బోర్డు మీద ఉన్నది దానికి అనుకూలమైన వేరే చిప్పే, అయినా కెర్నల్‌కు ఆ తేడాతో పనిలేదు. కంట్రోలర్ పోర్టు 3ఎఫ్0, ఇంటరప్ట్ 6, డీఎంఏ ఛానల్ 2. ఈ మూడూ పీసీలలో దశాబ్దాలుగా మారలేదు. బయోస్ చెప్పిన రకం తప్పైతే, మోడ్‌ప్రోబ్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఫ్లాపీ మాడ్యూల్‌కు ‘0,4,సీమాస్’ అనే ఆప్షన్ ఇచ్చి సరిచేయవచ్చు. అందులో 0 డ్రైవ్ సంఖ్య, 4 అంటే 1.44 ఎంబీ రకం. రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) పనిచేయకుండా ఉండేందుకు నా యూజర్‌ను ఫ్లాపీ గ్రూపులో చేర్చాను.

అసలు విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఎఫ్‌డీ0ను తెరిచిన ప్రతిసారీ డ్రైవర్ డిస్కు ఫార్మాట్‌ను ఊహిస్తుంది. 1.44 ఎంబీ డ్రైవ్ అయితే ముందు 1440 కేబీ, తరువాత 720 కేబీ, ఆపైన మరికొన్ని అరుదైన ఫార్మాట్లు అనే వరుసలో ప్రయత్నిస్తూ పోతుంది. మంచి డిస్కు విషయంలో ఇది సుఖమే. మొదటి ట్రాక్ (డిస్కు ఒక వైపున ఉండే వలయం) దెబ్బతిన్న డిస్కు పెడితే మాత్రం ఏ ఊహా కుదరక, మిగిలిన 79 సిలిండర్లు (రెండు వైపులా ఎదురెదురుగా ఉన్న ట్రాక్‌ల జతలు) చక్కగా ఉన్నా డిస్కు మొత్తం చదవలేనిదన్నట్టు తప్పుకుంటుంది. కాబట్టి పాత డిస్కుల దగ్గర డ్రైవర్‌ను ఊహించనివ్వకూడదన్నది నా అభిప్రాయం.

ఇందుకు రెండు దారులున్నాయి. ఒకటి సెట్‌ఎఫ్‌డీపీఆర్‌ఎంతో ట్రాక్‌కు 18 సెక్టార్లు, హై డెన్సిటీ అని ముందే చెప్పడం. ఇలా మామూలుగా ఇచ్చిన జామెట్రీని (ట్రాక్‌లు, సెక్టార్ల లెక్కను) డిస్కు మార్చగానే డ్రైవర్ మరిచిపోతుంది. రెండవది, ఫార్మాట్ ఖాయంగా ఉండే డివైస్ ఫైల్‌ను (డ్రైవ్‌ను అందుకోవడానికి వాడే ఫైల్‌ను) ఎంకేనాడ్ ఆదేశంతో తయారు చేసుకోవడం. ఆ ఫైల్‌కు రెండు సంఖ్యలు ఇవ్వాలి. డ్రైవర్‌ను సూచించే మేజర్ సంఖ్య 2. కెర్నల్‌లోని ఫార్మాట్ సంఖ్యను నాలుగుతో హెచ్చించి డ్రైవ్ సంఖ్యను కూడితే మైనర్ సంఖ్య వస్తుంది. 1440 కేబీ ఫార్మాట్ సంఖ్య 7 కనుక మొదటి డ్రైవ్‌కు మైనర్ 28. 720 కేబీకి 16. 1680 కేబీకి 44. డబ్బా నిండా ఒకే రకం డిస్కులున్నప్పుడు ఈ రెండవ దారే హాయిగా ఉంది. పూర్వం యూడెవ్ అనే లినక్స్ ప్రోగ్రాము ఈ ఫైళ్లను తానే సృష్టించేది. ఇప్పుడు రీబూట్ చేసిన ప్రతిసారీ మనమే సృష్టించుకోవాలి కాబట్టి ఒక చిన్న స్క్రిప్టు రాసి పెట్టుకున్నాను.

ఫ్లాపీకంట్రోల్ చూపించే డ్రైవ్ పరామితులలో నాకు ఎక్కువగా పనికివచ్చినవి రెండు. మొదటిది మోటారు సమయాలు: చివరిసారి చదివిన మూడు సెకన్లకు మోటారు ఆగిపోతుంది, మళ్లీ వేగం అందుకోవడానికి 0.4 సెకను ఇస్తారు. అరిగిన మోటారుకు ఈ 0.4 సెకను విలువను కొంచెం పెంచితే మొదటి రీడ్‌లో తప్పులు తగ్గవచ్చు. రెండవది తప్పుల పరిమితి: మూడు తప్పులు వచ్చాక డ్రైవర్ ఆ రీడ్‌ను వదిలేస్తుంది. తొలి విడతలో దీన్ని పెంచకపోవడమే మేలు, ఎందుకంటే పాడైన చోటే చదివే తల (హెడ్) పదే పదే రుద్దుకుంటూ ఉంటే ఊడే పూత ఇంకా ఊడుతుంది. మంచి సెక్టార్లన్నీ చేతికి వచ్చాకనే పట్టుదల చూపాలి.

చదివే ముందు ప్రతి డిస్కుకూ రైట్ ప్రొటెక్ట్ రంధ్రం తెరుస్తున్నాను, ఏ డిస్కునూ మౌంట్ చేయడం (అందులోని ఫైళ్లను నేరుగా తెరవడం) లేదు. బాగున్న డిస్కును డీడీ అనే కాపీ ఆదేశంతో 18 కేబీ బ్లాకు చొప్పున తీస్తున్నాను. అది సరిగ్గా ఒక సిలిండరు. నిమిషానికి 300 చుట్లు తిరిగే డిస్కుపై 160 ట్రాక్‌లను చుట్టుకు ఒకటి చొప్పున చదివినా కనీసం 32 సెకన్లు పడుతుంది, తల జరిగే సమయం దానికి అదనం. మొరాయించే డిస్కులను, పాడైన చోట్లనుంచి డేటా రాబట్టే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తున్నాను. అది ఏ భాగం చదివిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపి, తల శుభ్రం చేసి, ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు.

‘పెళ్లి కార్డులు 2’ అని లేబుల్ ఉన్న డిస్కు దగ్గర కెర్నల్ ఇచ్చిన సందేశం ఇది: డేటా సీఆర్‌సీ తప్పు, ట్రాక్ 34, హెడ్ 1, సెక్టారు 7, సైజు 2. సీఆర్‌సీ తప్పు అంటే చదివిన డేటా దాని సరిచూపు అంకెతో సరిపోలేదని, సైజు 2 అంటే 512 బైట్లని. సున్నా నుంచి లెక్కిస్తే ఆ సెక్టారు డిస్కు మొత్తంలో ఎన్నవదో చూద్దాం: ట్రాక్‌ను రెండుతో హెచ్చించి హెడ్ కలిపితే 69. దాన్ని 18తో హెచ్చించి, సెక్టార్లు ఒకటి నుంచి మొదలవుతాయి కనుక 6 కలిపితే 1248. ఫ్యాట్12లో (ఈ డిస్కుల ఫైల్ వ్యవస్థలో) 1440 కేబీ డిస్కుకు బూట్ సెక్టారు ఒకటి, రెండు ఫ్యాట్ ప్రతులకు 18, రూట్ డైరెక్టరీకి 14 పోగా డేటా 33వ సెక్టారు నుంచి మొదలవుతుంది, దాన్ని రెండవ క్లస్టరు (ఫైల్‌కు కేటాయించే ముక్క, ఇక్కడ ఒక సెక్టారు) అంటారు. ఆ లెక్కన పాడైనది 1217వ క్లస్టరు. ఎంటూల్స్ ప్యాకేజీలో, ఫైల్ ఏ క్లస్టర్లలో ఉందో చూపే ఎంషోఫ్యాట్‌ను ఇమేజ్‌లోని ఫైళ్లన్నిటి మీద నడిపితే ఆ క్లస్టరు ఏ ఫైల్‌కూ చెందదని తేలింది, కాబట్టి ఆ డిస్కుతో ఇక కుస్తీ పట్టనక్కరలేదు.

కొన్ని డిస్కుల షట్టర్ జరిపి చూస్తే పూత మీద బూజు తెల్లటి చుక్కలుగా కనబడుతోంది. వాటిని అలాగే డ్రైవ్‌లో పెడితే తల మురికిపట్టి తరువాతి మంచి డిస్కును కూడా గీస్తుంది. అందుకే వాటిని వేరుగా ఉంచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్లతో, మధ్యనున్న లోహపు బిళ్లను చేత్తో తిప్పుతూ తుడిచి, పూర్తిగా ఆరాకే పెడుతున్నాను.

డ్రైవ్ వేగం సరిచూడటానికి పనికిరాని ఒక డిస్కును ఎఫ్‌డీయుటిల్స్‌లోని సూపర్‌ఫార్మాట్‌తో ఫార్మాట్ చేశాను. అది ముందుగా డ్రైవ్ విచలనాన్ని (ఉండవలసిన వేగంతో తేడాను) కొలిచి, ప్రతిసారీ కొలవనక్కరలేకుండా డ్రైవ్‌పీఆర్‌ఎం ఫైల్‌లో చేర్చవలసిన వరుసను తెరపై చూపుతుంది. ఆ అంకె ఆ డ్రైవ్‌కూ ఆ కంట్రోలర్‌కూ మాత్రమే వర్తిస్తుంది, డ్రైవ్ మారిస్తే వరుసను తీసేయాలి.

డబ్బా అడుగున ఐదుంపావు అంగుళాల 360 కేబీ డిస్కులు కొన్ని మిగిలాయి. వాటికోసం 1.2 ఎంబీ డ్రైవ్ వెతుకుతున్నాను. అది నిమిషానికి 360 చుట్లు తిరుగుతుంది కనుక 250కి బదులు సెకనుకు 300 కిలోబిట్ల వేగంతో, తలను రెండేసి అడుగులు వేయిస్తూ చదవాలి. దాని తల సన్నం కావడం వల్ల ఆ డిస్కుల మీద రాస్తే అసలైన 360 కేబీ డ్రైవ్ మళ్లీ సరిగా చదవలేకపోవచ్చు, అందుచేత చదవడం వరకే పెట్టుకుంటాను. కేబుల్‌లో మెలికకు ముందున్న కనెక్టరుకు తగిలించి, మాడ్యూల్‌కు ‘1,2,సీమాస్’ అని చెప్పాల్సి ఉంటుంది.