ఆ మూడు చుక్కలు

"ఆ మూడు చుక్కలు ఏమయ్యాయి?" అని మా ప్రొఫెసర్ అందరి ముందే అడిగారు.

జర్మనీలో మా ల్యాబ్‌లో సోమవారం సోమవారం మీటింగ్ ఉంటుంది. పలచటి లోహపు పొరలను లిక్విడ్ హీలియంతో 4.2 కెల్విన్ దాకా చల్లార్చి రెసిస్టెన్స్ కొలవడం నా పని. ఆ రోజు గ్రాఫ్ చూపించాను, చుక్కలన్నీ థియరీ గీత మీద గుచ్చిన ముత్యాల్లా ఉన్నాయి. ఆవిడ అప్పటికే నా నోట్‌బుక్ తిరగేశారట, అందులో ఉన్న మూడు రీడింగులు గ్రాఫ్‌లో లేవు.

"నాయిస్ మేడం, పనికిరాని రీడింగులు" అన్నాను. ఇక్కడ పేరు పెట్టి పిలవాలి, మూడేళ్ళయినా నా నోరు తిరగలేదు.

"నాయిస్ అని ఎట్లా తెలిసింది?"

"గీత మీద లేవు కదా."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఆ గీత నిజమో కాదో చూడ్డానికే కదా కొలిచేది? ఏది ఉంచాలో ఆ గీతనే అడుగుతావా?" అన్నారు.

రాత్రంతా నిద్ర లేదు. నేనేమన్నా దొంగనా? నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు నలభై మందికి ఒకటే స్టాప్‌క్లాక్, అదీ మధ్యలో ఆగేది. లోలకం ప్రయోగంలో g, అంటే భూమ్యాకర్షణ త్వరణం, విలువ 980 దగ్గర రాకపోతే రికార్డు మీద సంతకం పడదు. 100 సెంటీమీటర్ల దారానికి 20 ఊపులంటే 40 సెకన్లు అని అందరికీ కంఠతా వచ్చు. ముందు జవాబు రాసుకుని రీడింగులు వెనకనుంచి వేసేవాళ్ళం. అనుమానం రాకుండా ఒకచోట 40.2, ఇంకోచోట 39.9. తేడా వస్తే తప్పు మనదే, పుస్తకానిది ఎట్లా అవుతుంది? ఆ చేతితోనే ఇక్కడికి వచ్చాను.

2011లో ఓపెరా అనే ఫిజిక్స్ ప్రయోగం చేసిన బృందం సంగతి గుర్తొచ్చింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రం నుంచి ఇటలీకి, భూమిలోంచి 730 కిలోమీటర్లు వచ్చిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందే చేరినట్టు లెక్క తేలింది. నెలలు వెతికినా తప్పు దొరకలేదు. కాంతిని ఏదీ దాటలేదన్న ఐన్‌స్టీన్‌కు ఎదురని తెలిసీ బయటపెట్టారు. చివరికి చూస్తే సరిగ్గా బిగించని ఫైబర్ కేబుల్! 2012లో ఆ బృందం పెద్దలిద్దరు పదవులు వదులుకున్నారు. దాచకుండా చెప్పినందుకు దక్కింది అదీ. నేనైతే ఆ 60 నానోసెకన్లను చప్పుడు లేకుండా సర్దేసేవాణ్ణి.

తెల్లారి నాయినకు ఫోన్ చేశాను. దేవరకొండ పక్కన మా చెలకలో నాలుగో బోరు కూడా ఫెయిలయిందట. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే పెద్దమనిషి, "ఇంకో యాభై అడుగులు దించితే పడేవి" అన్నాడట. మొదటి బోరప్పుడూ ఇదే మాట. ఎన్ని అప్పులైనా కొబ్బరికాయది మాత్రం తప్పు కాదు.

"మళ్ళా ఆయన్నే పిలుస్తవా నాయినా?"

"మరి ఎవర్ని పిల్వాలె?"

నవ్వబోయి ఊరుకున్నాను.

ల్యాబ్‌కు వెళ్ళి అంతా విప్పి చూస్తే థర్మామీటర్ పొరకు సరిగ్గా అతుక్కోలేదు. మళ్ళీ అంటించి కొలిస్తే రెండు చుక్కలు గీత మీదికొచ్చాయి. మూడోది నాలుగుసార్లు కొలిచినా కిందనే ఉంది. ఈ సోమవారం గ్రాఫ్‌లో దానికి ఎర్ర రంగు వేశాను.