ఖండ్వాలో దిగుదామన్నాను

ఉజ్జయిని గురించీ ఓంకారేశ్వర్ గురించీ నేను రాయక్కర్లేదు. వీధికి ఇద్దరు చొప్పున వెళ్లొచ్చారు. భస్మహారతికి ఎప్పుడు బుక్ చేసుకోవాలో, నర్మద మీద ఏ వంతెన మీదుగా నడిస్తే పెద్దవాళ్ల మోకాళ్లకి మంచిదో నాకంటే మీకే బాగా తెలుసు. నాలుగు రోజులు అమ్మ వెనకాల సంచులు మోశాను, అంతే. రాయాలనిపించింది అయిదో రోజు గురించి.

తిరుగు రైలు ఖండ్వా నుంచి. ఇటార్సీ వెళ్లి అక్కడ మారాలి. మనవాళ్లకి ఖండ్వా అంటే రైలెక్కే ఊరే తప్ప దిగే ఊరు కాదు. సాయంత్రం బండికి మధ్యాహ్నం బయల్దేరితే చాలని లాడ్జి అబ్బాయి అన్నాడు. నేను పొద్దున్నే పోదామన్నాను.

"అక్కడ ఏ గుడి ఉంది?" అంది అమ్మ.

"కిషోర్ కుమార్ సమాధి."

అమ్మ నా వైపు చూసిన చూపు రాయడం కష్టం. జ్యోతిర్లింగాల యాత్రలో హిందీ సినిమా పాటలు పాడినవాడి సమాధేమిటి అని అందులో ఉంది. మీ నాన్న పోయినా ఆ పిచ్చి నీకు అంటించి పోయారు అని కూడా ఉంది.

ఓంకారేశ్వర్ నుంచి డెబ్బై కిలోమీటర్లకి కారువాడు 3,500 అడిగాడు. తిరిగి ఖాళీగా రావాలట. సరే, బస్సెక్కాం. ఇక్కడే నా కడుపు మండింది. మధ్యప్రదేశ్‌లో ఆర్టీసీ లేదు. 2005లో మూసేశారు. ఉన్నవన్నీ ప్రైవేటు బస్సులు, అవి టైముకి కాదు, నిండాక కదులుతాయి. నిండడం అంటే మన లెక్క వేరు, వాళ్ల లెక్క వేరు. ఇంజను పక్కన ఇద్దరు, ఆ ఇద్దరి ఒళ్లో ఇద్దరు, టాపు మీద ఉల్లిపాయల బస్తాలు. తెనాలి నుంచి గుంటూరు పల్లెవెలుగులో ఎన్నిసార్లు విసుక్కున్నానో గుర్తొచ్చి, మన డిపో వాళ్లందరికీ మనసులోనే దణ్ణం పెట్టాను. మోర్టక్కా దగ్గర ముప్పావు గంట ఆగింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారట, దుమ్ము.

దానికి తోడు పాటలు. డ్రైవర్ సీటు మీద రెండు డబ్బాల్లాంటి స్పీకర్లు. ఖండ్వా వెళ్లే బస్సు కదా, ఒక్కటైనా ఆయన పాట రాకపోతుందా అని సనావద్ దాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. రాలేదు. కింద డప్పు, పైన ఎవడో ఆటోట్యూన్ గొంతు, మధ్యలో పెళ్లి బ్యాండు. అమ్మ కొంగు చెవులకి చుట్టుకుని, "మీ కిషోరే నయం రా" అంది. ముప్పై ఏళ్లలో అమ్మ నోట ఆయన గురించి వచ్చిన మొదటి మంచిమాట.

మా ఇంట్లో యుద్ధం అలాంటిది. అమ్మ ఘంటసాల పక్షం. ఘంటసాల తర్వాత రఫీకి కొంచెం చోటిచ్చింది, అదీ 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కి పాడాడు కాబట్టి. నాన్నకి హిందీ ముక్క రాదు. బ్యాంకు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని టేప్‌రికార్డర్ పెట్టి, అర్థం తెలియని మాటల్ని తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసుకుని పాడేవాడు. మధ్యలో ఆ యోడలింగ్, గొంతు కిందికీ పైకీ విరిచి తీసే కూత, వచ్చినప్పుడు వంటింట్లోంచి అమ్మ, "నీళ్లు పుక్కిలిస్తున్నారా, పాడుతున్నారా?" అనేది. ఎమర్జెన్సీలో కాంగ్రెస్ సభకి పాడనన్నందుకు 1976 మే నుంచి ఎమర్జెన్సీ పోయేదాకా ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఆయన పాటలు ఆపేశారు. ఆ రోజుల్లో నాన్న రేడియో సిలోన్ స్టేషన్ కోసం ముల్లు తిప్పుతూ అర్ధరాత్రి దాకా కూర్చునేవాడట. "ప్రభుత్వం ఒక్క మంచిపని చేసింది, అదీ మీ నాన్న సాగనివ్వలేదు" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఖండ్వా బస్టాండులో దిగేసరికి పదకొండు. నూట ఇరవై రూపాయల టికెట్టుకి మూడు గంటలు. ఆటోవాడితో నాకొచ్చిన హిందీలో "సమాధి" అన్నాను. వాడు తలూపి, అమ్మకి "బైఠియే మాతాజీ" అని మర్యాద చేసి బయల్దేరాడు. పది నిమిషాల్లో పెద్ద ద్వారం, కొబ్బరికాయల దుకాణాలు, జెండాలు. లోపల పొగ. కిషోర్ కుమార్‌కి ఇంత జనమా అని ఒక్క క్షణం గుండె నిండిపోయింది కూడా.

అది దాదాజీ ధూనీవాలే అనే సాధువు దర్బారు. ఆ ఊళ్లో సమాధి అంటే దాదాజీ సమాధే. నిప్పుల గుండం ఎప్పుడూ ఆరదు, దాన్నే ధూని అంటారు. గురుపౌర్ణమికి మహారాష్ట్ర నుంచి నడిచి వస్తారు జనం. అమ్మ మొహం విచ్చుకుంది. "చూశావా, దేవుడే తీసుకొచ్చాడు" అంటూ కొబ్బరికాయ కొనిపించి ధూనిలో వేయించి, విభూతి పొట్లం కట్టించుకుని గంటసేపు కదల్లేదు. బయటికొచ్చి ఆటోవాడితో "కిషోర్ కుమార్" అంటే వాడు నవ్వాడు.

"కిషోర్ కుమార్ సమాధా? ముందే చెప్పొచ్చుగా. ఇండోర్ రోడ్డు మీదుంది. మీరు వచ్చిన దారే."

మేం దాటుకునే వచ్చామన్నమాట. ఆ డప్పు పాటల హోరులో, కిటికీ పక్కనే కూర్చుని. కండక్టర్‌కి ఒక్క మాట చెప్పుంటే అక్కడే దింపేవాడు.

ముందు ఇల్లు చూపించమన్నాను. బొంబాయి బజార్, స్టేషన్‌కి దగ్గరే. నేను ఊహించుకున్నది చిన్న మ్యూజియం, టికెట్టు, గోడ మీద ఫొటోలు. చూసింది తాళం. ముందు వరస దుకాణాలు, వాటి వెనక పెచ్చులూడిన గోడలు, పైన మొక్కలు మొలిచిన పిట్టగోడ. లాయరు కుంజలాల్ గంగూలీ గారిల్లు ఇది. 1929 ఆగస్టు 4న ఇక్కడే ఆభాస్ కుమార్ గంగూలీ, అంటే మన కిషోర్ కుమార్, పుట్టాడు. నలుగురిలో ఆఖరివాడు. పెద్దన్న అశోక్ కుమార్ అప్పటికింకా సినిమా హీరో కాలేదు.

పక్క షాపాయన స్టూలు వేసి అమ్మని కూర్చోబెట్టాడు. రోజుకొకరైనా వచ్చి ఇలా గేటు పట్టుకుని నిలబడతారట. నేను అమ్మకి అశోక్ కుమార్ చెప్పిన కథ చెప్పాను. చిన్నప్పుడు కిషోర్ గొంతు మహా బొంగురు. ఒకరోజు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, తల్లి కూరగాయలు తరుగుతున్న కత్తి మీద కాలు వేశాడు. వేలు తెగింది. నొప్పికి రోజుల తరబడి ఏడ్చాడు, ఆ ఏడుపుకే గొంతు విచ్చుకుందని అన్నగారు చెప్పేవాడు.

"కత్తిపీటా?" అంది అమ్మ.

బెంగాలీలది కూడా మన కత్తిపీట లాంటిదే, కింద కాలుతో తొక్కిపట్టి తరిగేది. అమ్మ ఆ తాళం వైపు మరోసారి చూసింది. తెనాలిలో మా ఇంట్లో కత్తిపీట మీద నా బొటనవేలు తెగిన మచ్చ ఇప్పటికీ ఉంది. నా గొంతు మాత్రం బాగుపడలేదు.

ఈ ఊరి మీద ఆయనకున్నది మామూలు మమకారం కాదు. స్టేజీ ఎక్కితే "కిషోర్ కుమార్ ఖండ్వేవాలా" అనే పరిచయం చేసుకునేవాడు. ఇండోర్ క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడు క్యాంటీన్‌కి బాకీ పడ్డ అయిదు రూపాయల పన్నెండణాలే 'చల్తీ కా నామ్ గాడీ' పాటలోకి ఎక్కాయంటారు. ముగ్గురన్నదమ్ములూ కలిసి నటించిన సినిమా అది, 1958. పాటగాడిగా కంటే ముందు నటుడిగా నిలబడ్డాడని మనలో చాలామంది మర్చిపోతారు. 1946లో 'శికారీ'లో వేషం, 1948లో 'జిద్దీ'లో దేవానంద్‌కి మొదటి పాట, అప్పటికి గొంతులో నిండా పాతతరం గాయకుడు సైగలే. నీ గొంతుతో నువ్వు పాడు అని దారి మళ్లించింది సంగీత దర్శకుడు ఎస్.డి. బర్మన్. నటన మీద ఇష్టం లేదంటూనే యాభైల్లో కామెడీ హీరోగా వరసగా చేశాడు. 'హాఫ్ టికెట్'లో ఆడగొంతూ మగగొంతూ రెండూ తనే పాడాడు. 1969లో 'ఆరాధన' వచ్చాక వేషాలు తగ్గి పాట మిగిలింది. ఎనిమిది ఫిల్మ్‌ఫేర్లు. నాన్న కాగితాలన్నీ ఆ తర్వాతివే.

డబ్బు విషయంలో మాత్రం బొంబాయి ఆయన్ని పీనాసి అనే చెప్పుకుంది. సగం డబ్బే ఇచ్చారని సగం మొహానికే మేకప్ వేసుకుని సెట్టుకొచ్చాడన్న కథ మీరూ వినే ఉంటారు. అదే మనిషి సత్యజిత్ రాయ్ 'చారులత'కి రూపాయి తీసుకోకుండా పాడాడు. పిచ్చివాడన్నారు, జుహూ ఇంటి తోటలో చెట్లకి జనార్దన్, రఘునందన్ అని పేర్లు పెట్టి ఇంటర్వ్యూకి వచ్చినావిడకి పరిచయం చేశాడు మరి. నాకెందుకో పిచ్చి కంటే ఊరు బెంగే ఎక్కువనిపిస్తుంది. చెట్లతో మాట్లాడేది ఊళ్లో ఉన్నవాళ్లు కదా. మా తాతయ్య కొబ్బరిచెట్టుని పేరు పెట్టి తిట్టేవాడు, ఎవరూ పిచ్చన్లేదు.

పాలూ జిలేబీ తిందాం, ఖండ్వాలో ఉండిపోదాం అని ఆయన పదే పదే అనేవాడని ఆ ఊళ్లో ప్రతివాడూ చెబుతాడు. జిలేబీ కొనకుండా ఎలా వస్తాం? బజార్లో ఒక కొట్టు దగ్గర ఆగాం. అక్కడ పొద్దున్నే అటుకుల పోహాలో జిలేబీ నంజుకుంటారు, అమ్మకి అది అసలు మింగుడుపడలేదు, "ఉప్మాలో బెల్లం కలిపినట్టు" అంది. పాలల్లో జిలేబీ వేసి ఇస్తే మాత్రం మాట్లాడకుండా గ్లాసు ఖాళీ చేసింది. మన దగ్గరి జిలేబీ కంటే సన్నం, పులుపు కొంచెం ఎక్కువ. పావుకిలో కట్టించుకున్నాం. రంగు నీళ్లలో ముంచినట్టుండే మన ఊరి జిలేబీకి ఇదే రేటు ఇస్తున్నామే అని మళ్లీ కడుపు మండింది.

సమాధి దగ్గర మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. స్మారకం పెద్దదే కట్టారు, విగ్రహం ఉంది. ఏటా అక్టోబర్ 13న మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరు మీద ఇచ్చే అవార్డు ఈ ఊళ్లోనే ఇస్తారు. ఆ రోజున దేశం నలుమూలల నుంచీ పాడేవాళ్లు వచ్చి సమాధికి పాలూ జిలేబీ నైవేద్యం పెడతారు. మేం వెళ్లిన రోజు మాత్రం మేం ఇద్దరం, ఒక కుక్క, ఫోన్లో పాట పెట్టుకుని మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన. ఎవరో పొద్దున పెట్టిన జిలేబీకి చీమలు పట్టాయి.

1987లో, అక్టోబర్ 13న గుండె ఆగింది. అన్న అశోక్ కుమార్ పుట్టినరోజు అది. కిషోర్‌కి యాభై ఎనిమిదేళ్లు. బొంబాయి వదిలి వచ్చేస్తానని ఎంతకాలం అన్నాడో, చివరికి ఆయన కోరినట్టే శరీరాన్ని ఇక్కడికి తెచ్చి దహనం చేశారు. నాన్న ఆ సాయంత్రం అన్నం తినలేదు. నాకు పన్నెండేళ్లు, ఎవరో చుట్టం పోయాడనుకున్నాను.

అమ్మ సంచిలోంచి ఓంకారేశ్వర్‌లో పట్టిన నర్మద నీళ్ల సీసా తీసింది. ఊళ్లో పదకొండు ఇళ్లకి పంచాలని లెక్కపెట్టి తెచ్చుకున్న సీసా అది. మూత తీసి, చీమలున్న చోటు వదిలేసి, ఆ రాయి మీద కొంచెం పోసింది. తర్వాత మూత గట్టిగా బిగించి, "పదకొండో ఇంటికి సగం ఇస్తాంలే" అంది. పెద్దాయన ఫోన్లో పాట మారింది. యోడలింగ్ వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు.

నేను జిలేబీ పొట్లం విప్పి రెండు పెట్టాను. మిగతావి స్టేషన్‌లో బండి కోసం చూస్తూ తినేశాం. బండి గంటా పది నిమిషాలు లేటు. ప్లాట్‌ఫాం మీద పసుపు బోర్డు పక్కన ఫొటో దిగమంటే అమ్మ దిగింది కూడా.

ఇటార్సీ దగ్గర పడుతుండగా, కిటికీలోంచి చీకట్లోకి చూస్తూనే అడిగింది.

"తెనాలి ఇంటి తాళం ఎవరి దగ్గరుంది రా?"

"నా దగ్గరే. ఎందుకు?"

"వంటింటి గోడ పెచ్చులూడుతోందని పక్కింటావిడ మొన్న ఫోన్లో చెప్పింది. దసరాకి వెళ్లి సున్నం వేయించు."