బెషమెల్ పేజీ వెతుక్కుంటూ

పారిస్‌లో రూ మోంమార్త్ర్ అనే వీధిలో కేవలం వంట పుస్తకాలే అమ్మే కొట్టు ఒకటుంది. పేరు లిబ్రేరీ గుర్మాండ్. ఏప్రిల్లో చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు, "అక్కా, ముందు ఈఫిల్ టవర్ చూద్దామా, లూవ్ర్ చూద్దామా?" అని అడిగితే నేను ఈ కొట్టు పేరు చెప్పాను. చెల్లెలు ఒక్క క్షణం నా మొహం చూసి, మెట్రో కార్డు తీసి చేతిలో పెట్టింది.

రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఫోన్‌లో వీడియోలు చూసి ఫ్రెంచి వంట చేస్తున్నాను. ఒకరోజు సాసు పట్టులా వచ్చేది, మర్నాడు అదే సాసు విరిగిపోయేది. ఎందుకు కుదిరిందో, ఎందుకు చెడిందో వీడియోలో చెప్పేవాళ్లు లేరు. ఎదురుగా నిలబడి మా అమ్మమ్మ చెప్పినట్టు చెప్పే పుస్తకం కావాలి నాకు. ఏది కొనాలని నెట్‌లో వెతికితే పాతిక పేర్లు వస్తాయి. అందుకే పుస్తకాలను చేత్తో పట్టుకుని చూసి తేల్చుకోవాలనుకున్నాను.

కొట్టులో అరల ముందు నిలబడగానే ఒక ఉపాయం తోచింది. ఏ పుస్తకం తీసినా ముందు బెషమెల్ సాసు ఉన్న పేజీ తెరవాలి. వెన్న, మైదా, పాలు. అంతకంటే ఏమీ లేని వంట. అంత చిన్న వంటను పుస్తకం ఎలా చెబుతుందో చూస్తే, అది ఎవరి కోసం రాసిందో తెలిసిపోతుంది. ఫ్రెంచి నాకు అంతంతమాత్రం. కాకినాడలో పుట్టి, 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం పక్కనే పెరిగినా, నేర్చుకున్నది మాత్రం హైదరాబాద్‌లో ఆర్నెల్ల క్లాసుల్లోనే. వంటకు కావాల్సిన మాటలు అర్థమవుతాయి. అది చాలింది.

మొదట తీసింది పేరుమోసిన ఫ్రెంచి వంటమాస్టారు ఎస్కోఫ్యే 1903లో వేసిన 'లె గీద్ కులినేర్'. అయిదు వేలకు పైగా వంటలున్న మహాగ్రంథం. బెషమెల్ పేజీ తెరిస్తే పాలు 5 లీటర్లు, అందులో 300 గ్రాముల దూడ మాంసం కూడా! హోటల్ వంటశాలలో పదిమంది వంటవాళ్లకు పెద్దాయన ఇచ్చే ఆదేశం అది. పని వచ్చినవాళ్లకు గుర్తుచేయడానికే తప్ప, రానివాళ్లకు నేర్పడానికి కాదు. చేతులు జోడించి అరలో పెట్టేశాను. ఫ్రెంచి వంట మొత్తం దాని మీదే నిలబడిందన్నది నిజమే, కానీ ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మొదటి పుస్తకంగా దాన్ని కొనమని ఎవరికీ చెప్పను. 1938లో వచ్చిన 'లరూస్ గాస్ట్రొనొమీక్' కూడా అంతే. అది నిఘంటువు. సందేహం వచ్చినప్పుడు తెరుస్తాం, పక్కన పెట్టుకుని వండం.

తర్వాత 'మాస్టరింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్'. జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లుయిజెట్ బెర్తోల్ కలిసి రాసింది, 1961లో అమెరికాలో అచ్చయింది. పనివాళ్లు లేకుండా సొంతంగా వండుకునే అమెరికన్ ఇల్లాలి కోసమని ముందుమాటలోనే చెప్పారు. బెషమెల్ దగ్గర అక్కడే నిలబడి రెండు పేజీలు చదివాను. పిండిని వెన్నలో రంగు మారకుండా రెండు నిమిషాలు వేయించమన్నారు. ఆ తర్వాత వేడి పాలు పోయమన్నారు. కింద విడిగా ఇంకో భాగం: సాసు చిక్కబడితే ఏం చేయాలి, పల్చనైతే ఏం చేయాలి, ఉండలు కడితే ఏం చేయాలి. నాకు గొంతు పట్టేసింది. పాతిక సార్లు ఉండలు కట్టిన గిన్నెను సింకులో పారబోశాను. దాన్ని బాగుచేయొచ్చని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. వంట చెడకుండా చెప్పే పుస్తకాలు చాలా ఉంటాయి. చెడ్డాక చేయి పట్టుకునేది అసలైన గురువు.

ఆ పుస్తకం కొన్నాను. లావుగా ఉంది, బరువుగా ఉంది, అయినా కొన్నాను.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో దెయిలరాన్ అనే పాత్రల కొట్టు. 1820 నుంచీ ఉంది. పక్కనే ఒకప్పుడు లె ఆల్ అనే పెద్ద బజారు ఉండేది, 1969లో ఊరి బయట రంజిస్‌కు తరలించారు. బజారు పోయినా పాత్రల కొట్టు మిగిలింది. లోపల రాగి గిన్నెలు వేలాడుతున్నాయి. ఒకటి తీసి లోపలికి చూస్తే తెల్లటి తగరం పూత, మన కళాయే! వీధిలో కళాయి వేసే అతను వచ్చినప్పుడు అమ్మమ్మ ఇత్తడి గిన్నెలన్నీ అరుగు మీద వరుసగా పెట్టడం గుర్తొచ్చి అక్కడే చాలాసేపు ఉండిపోయాను. చివరికి తీగల కవ్వం ఒకటి కొనుక్కుని బయటికొచ్చాను. రాగి గిన్నె ధర నా చేతికి అందేది కాదు.

శనివారం చెల్లెలు 15వ వార్డులోని జార్జ్ బ్రాసెన్స్ పార్కుకు తీసుకెళ్లింది. ఒకప్పుడు అది కబేళా. గేటు దగ్గర రెండు కంచు ఎద్దులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. గుర్రాలు అమ్మిన ఇనప షెడ్ల కింద శని, ఆదివారాల్లో పాత పుస్తకాలు పెడతారు. సన్నగా వాన పడుతోంది, రేకుల మీద చప్పుడు.

అక్కడ నేను వెతికింది జినెట్ మతియో రాసిన 'జె సె క్విజినే'. అంటే 'నాకు వంట వచ్చు' అని. ఆవిడ గృహవిజ్ఞానం చెప్పే టీచరు, 1932లో ఇది వచ్చేనాటికి వయసు పాతికేళ్లే. ఫ్రాన్స్‌లో తల్లి కూతురికిచ్చే పుస్తకం ఇదేనని చెల్లెలి ఆఫీసులో అందరూ చెప్పారట. కథలు, బొమ్మలు లేవు. గ్రాముల లెక్క, నాలుగైదు వరుసల్లో పద్ధతి, అంతే. ఏ రోజు ఏ కూరగాయ దొరికితే దానికి ఒక వంట ఇందులో ఉంటుంది.

మూడు పాత ప్రతులు దొరికాయి. రెండు కొత్తవాటిలా శుభ్రంగా ఉన్నాయి. మూడోదాని అట్ట చిరిగి, వెన్నుకు బట్ట అంటించి ఉంది. బల్ల మీద పెట్టి వదిలేస్తే దానంతట అదే ఒకచోట తెరుచుకుంది. కాత్ర్-కార్ కేకు పేజీ. కాగితం అద్దంలా పారదర్శకమైపోయింది, ఏళ్ల తరబడి వెన్న వేళ్లు తగిలి. ఇంకోచోట చెర్రీలు వేసి చేసే క్లఫూతీ పేజీకి ముదురెరుపు చుక్కలు, చెర్రీ రసం అయ్యుంటుంది. చేపల భాగం మాత్రం తెల్లగా, ఎవరూ తాకనట్టు ఉంది. ఎవరో ఇల్లాలు తన ఇంటివాళ్లకు ఏది నచ్చిందో మొత్తం అక్కడ రాసి పెట్టినట్టే. పాత వంట పుస్తకం కొనేటప్పుడు శుభ్రమైనది వద్దు, మరకలున్నదే కొనండి. ఏ వంట పదేపదే కుదిరిందో మరకే చెబుతుంది. నేను ఆ చిరిగిన అట్టదే తీసుకున్నాను.

ఆ రాత్రి చెల్లెలి చిన్న వంటింట్లో బెషమెల్ మొదలుపెట్టాను. వెన్న కరిగాక పిండి వేశాను, పచ్చివాసన పోయి బిస్కెట్ వాసన వచ్చింది. పాలు పోసేసరికి చెల్లెలు ఏదో అడిగింది, అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి మజ్జిగపులుసులో శనగపిండి కట్టినట్టు ఉండలు. ఈసారి పారబోయలేదు. 'మాస్టరింగ్' పుస్తకంలో చెప్పినట్టే సన్న జల్లెడలో గరిటెతో రుద్ది వడకట్టి, మళ్లీ అయిదు నిమిషాలు సన్న సెగన ఉడికించాను. గరిటె వెనక పల్చని దుప్పటిలా పట్టుకుంది. ఉడికించిన కాలీఫ్లవర్ మీద పోసుకుని చెల్లెలు, నేను ఇద్దరమే తినేశాం.

హైదరాబాద్ వచ్చాక ఒక సంగతి అర్థమైంది. పారిస్‌లో తిన్న వెన్నకున్న ఆ చిన్న పులుపు, మీగడను పులియబెట్టి తీయడం వల్ల వచ్చేది. మనం తోడుపెట్టిన మీగడ చిలికి తీసే వెన్నా అంతే కదా! కొట్లో కొనే ఉప్పు వెన్న కంటే అమ్మ చిలికిన వెన్న ఈ వంటలకు బాగా నప్పింది. నీళ్లు బాగా పిండేస్తే చాలు.

మొన్న ఆదివారం ఆ పారదర్శకమైన పేజీ తెరిచాను. కాత్ర్-కార్ అంటే నాలుగు పావులు. గుడ్లు ఎంత తూగితే అంతే పిండి, అంతే చక్కెర, అంతే వెన్న. పాప తక్కెడ పట్టుకుంది. గుడ్లు 3 కలిపి 160 గ్రాములు. అమ్మ పంపిన వెన్న తూచేటప్పుడు పాప వేలు జారి పేజీ అంచున కొంచెం అంటుకుంది. తుడవబోతుంటే వద్దన్నాను.